పాత కంప్యూటరులో కొత్త విండోస్: పూచీ ఎవరిది?



ఈ మధ్య నలుగురు ఆడవాళ్ళు కూడిన చోటల్లా కంప్యూటరు గొడవ ఒకటి వినబడుతోంది. "మా కంప్యూటరు నిక్షేపంలా పనిచేస్తోందండీ. కాని తెరమీద ఏదో హెచ్చరిక వస్తోంది, విండోస్ 10కి కాలం చెల్లిందట. షాపులో అడిగితే, ఇంక దీన్ని అవతల పారేసి కొత్తది కొనుక్కోండమ్మా అన్నారు" అని ఒకరు. "మా అక్కయ్య కొడుకు వచ్చి, కొత్తది ఎందుకు పిన్నీ, కంపెనీ ఒప్పుకోకపోయినా విండోస్ 11 నేను వేసేస్తాను, గంట పని అన్నాడు. వేయించుకోవచ్చునంటారా?" అని మరొకరు.

పిల్లల చదువుకోసమని ముచ్చటపడి, వాయిదాల మీద కొన్న వస్తువు అది. మీట నొక్కితే వెలుగుతోంది, టైపు కొడితే అక్షరం పడుతోంది. మిక్సీ మోటారు కాలిపోతే కాయిల్ చుట్టించుకుని మరి నాలుగేళ్ళు వాడుకునే మనకి, నడుస్తున్న వస్తువుని పారెయ్యమంటే ప్రాణం ఒప్పదు. అలాగని అక్కయ్య కొడుకు చెప్పేదీ పూర్తి మాట కాదు. వెయ్యడం గంట పనే కావచ్చు. వేసిన తరవాత దాని మంచిచెడ్డలు ఎవరు చూస్తారన్నదే అసలు సంగతి. ఈవేళ ఆ సంగతే చెప్పుకుందాం.

కంప్యూటరులో కంటికి కనబడే పెట్టె, తెర, మీటలు, ఇవన్నీ యిల్లూ సామానూ అనుకోండి. ఏ సామాను ఎక్కడ వుండాలి, ఏ పనికి ఎంత చోటు యివ్వాలి, బయటినించి వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వాలా గుమ్మంలోనే నిలబెట్టాలా, ఇదంతా చూసుకునేది ఆపరేటింగ్ సిస్టమ్. యింట్లో యిల్లాలు చేసే పనే అది. ఆవిడ మంచాన పడిననాడుగాని ఆవిడ చేసే పనెంతో యింట్లోవాళ్ళకి తెలియనట్టే, దీని సంగతీను. మన యిళ్ళల్లో ఎక్కువగా వుండేది మైక్రోసాఫ్ట్ అనే అమెరికా కంపెనీవారి విండోస్. 2014లో ఆ కంపెనీ పగ్గాలు చేపట్టిన సత్య నాదెళ్ళగారు మన హైదరాబాదులో చదువుకున్నవారే గనుక ఆ పేరు మీకు కొత్త కాదు.

ఆ విండోస్‌లో 10వ రకం 2015 జూలై 29న వచ్చింది. పదేళ్ళు దాటాక, 2025 అక్టోబరు 14తో దానికి కంపెనీవారు తమ సాయం ఆపేశారు. సాయం ఆపడమంటే ఆ మర్నాడు కంప్యూటరు ఆగిపోవడం కాదు. మీ ఫోటోలు మీకు వుంటాయి, సినిమాలు ఆడతాయి, ఉత్తరాలు టైపవుతాయి. మరి పోయిందేమిటీ అంటే, నెలనెలా వచ్చే మరమ్మతు. విండోస్ లాంటిది కోట్ల పంక్తుల రాత. అంత రాతలో ఎక్కడో ఒకచోట కన్నం వుండక తప్పదు. ఎవరో ఒకరు అది కనిపెడతారు. దొంగ కనిపెట్టి దూరకముందే కంపెనీవారు దాన్ని పూడ్చి, ప్రతినెలా రెండో మంగళవారంనాడు ఆ పూడ్చిన అతుకులు మన కంప్యూటర్లకి పంపుతారు. మనం "అబ్బ, మళ్ళీ అప్‌డేటా" అని విసుక్కునేది దాన్నే. ఆ విసుగు యిక లేదు, రక్షణా లేదు.

ఇది ఉత్త భయపెట్టడం కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 2017 మార్చి 14న మైక్రోసాఫ్టువారు విండోస్‌లో ఒక కన్నం పూడ్చే అతుకు పంపారు. చాలామంది రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని వేసుకోలేదు. పాత విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్ళకయితే అసలు అది రాలేదు, ఎందుకంటే దానికి 2014 ఏప్రిల్ 8నే సాయం ఆగిపోయింది. రెండు నెలలు గడిచాయోలేదో, మే 12న వానాక్రై అనే పురుగు ఆ కన్నంలోనుంచే ప్రపంచమంతా పాకిపోయింది. కంప్యూటరులోని కాగితాలన్నిటికీ తాళం వేసేసి, 300 డాలర్లు కడితే తీస్తానని తెరమీద చీటీ పెట్టింది. ఇంగ్లండులో ప్రభుత్వాసుపత్రులు రోగులకి యిచ్చిన వేలాది సమయాలు రద్దు చేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కూడా కొన్ని దెబ్బతిన్నాయి. పోలీసుల యింటికే కన్నం పడినప్పుడు మన గోద్రెజ్ బీరువా ఏపాటి!

"మరి వైరస్ పట్టేది వుందిగా" అంటారేమో. విండోస్‌తో వచ్చే డిఫెండరుకి 2028 అక్టోబరు వరకూ కొత్త వైరసుల గుర్తులు పంపుతామని కంపెనీ చెప్పిన మాట నిజమే. కాని అది తెలిసిన దొంగల ఫోటోలు కాపలావాడి చేతికి యివ్వడం లాంటిది. గోడలో కన్నాన్ని అది పూడ్చదు.

సరే, విండోస్ 10కి సాయం లేదు, 11 వేయించుకుందామంటే పాత కంప్యూటరుకి కంపెనీ ఎందుకు ఒప్పుకోదూ? ఇక్కడే వుంది పేచీ. విండోస్ 11 2021 అక్టోబరు 5న వచ్చింది. వస్తూ వస్తూ కొన్ని షరతులు తెచ్చింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు వుండాలనడం పెద్ద విషయం కాదు, అంతమాత్రం అందరికీ వుంటుంది. చిక్కల్లా రెండిటితోనే. ఒకటి, టీపీఎం 2.0 అనే భాగం. తాళాల గుత్తి దాచుకోవడానికి బీరువాలో చిన్న లాకరు వుంటుంది చూశారా, అలాంటిది. కంప్యూటరు తన రహస్య సంఖ్యలు అందులో దాచుకుంటుంది, దొంగప్రోగ్రాముకి అవి దొరకవు. దీనికి తోడు సెక్యూర్ బూట్ అని మరొకటి. మీట నొక్కగానే లోపలికి వచ్చేది అసలైన విండోసేనా, వేషం వేసుకు వచ్చినదా అని సంతకం చూసి పంపే వాచ్‌మన్ అది. రెండోది ప్రాసెసరు. ఇంటెల్‌వారిదైతే 8వ తరం నుంచి, అంటే సుమారు 2017 చివరనుంచి వచ్చినవే పనికివస్తాయన్నారు. ఏఎండీ వారిదైతే రైజెన్ 2000 వరసనుంచి, అందులోనూ కొన్ని తప్ప. 7వ తరంలో ఏవో కొద్దిపాటిని మాత్రం చేర్చుకున్నారు.

లాకరు, వాచ్‌మన్ కావాలనడం న్యాయమే అని నాకు తోస్తుంది. ఆ ప్రాసెసరు గీత మాత్రం మింగుడుపడదు. 2016లో, 2017 మొదట్లో మంచి ఖరీదు పెట్టి కొన్న యంత్రాలు ఆ గీతకి అవతల పడిపోయాయి. చేవలేక కాదు, జాబితాలో లేక. కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023లో వేసిన అంచనా ప్రకారం, ఈ మార్పువల్ల ప్రపంచం మొత్తం మీద 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి వెళ్ళే ప్రమాదం వుంది. ఇన్ని కోట్ల యిళ్ళల్లో ఇల్లాళ్ళు ఇదే ప్రశ్న వేసుకుంటున్నారన్నమాట.

కాబట్టి షాపువారు "అవదు" అనగానే నమ్మెయ్యకండి, "గంటలో వేస్తాను" అనగానే సంబరపడకండి. మన కంప్యూటరు గీతకి ఇవతలుందో అవతలుందో ముందు మనమే చూసుకోవచ్చు, ఏమంత కష్టం కాదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అడుగున అబౌట్ అని వుంటుంది. అక్కడ ప్రాసెసరు పేరు కనబడుతుంది. ఐ3, ఐ5, ఐ7 అన్న దాని పక్కన చిన్న గీత, ఆ గీత పక్కన ఒక సంఖ్య. మామూలుగా నాలుగంకెల సంఖ్య అయితే మొదటి అంకె తరం. 7200 అంటే 7వ తరం, 8250 అంటే 8వ తరం. 10, 11, 12తో మొదలయ్యే సంఖ్య అయితే ఆ మొదటి రెండంకెలూ తరం. దీన్ని ఒక కాగితం మీద రాసుకోండి.

రెండోది టీపీఎం. విండోస్ గుర్తున్న మీటా, ఆర్ అక్షరమూ కలిపి నొక్కితే ఒక చిన్న గడి వస్తుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో టీపీఎం, చుక్క, ఎంఎస్‌సీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. 2.0 అని కనబడితే వున్నట్టే. దొరకలేదని వస్తే మాత్రం లేదని అప్పుడే తీర్మానించుకోకండి. 2016 జూలై తరవాత విండోస్ 10తో వచ్చిన కొత్త మోడళ్ళలో ఈ భాగం వుండితీరాలని కంపెనీవారే నియమం పెట్టారు. వుండి కూడా చాలా వాటిల్లో, ముఖ్యంగా విడిభాగాలు కొని కూర్పించుకున్న వాటిల్లో, మూసిపెట్టి వుంటుంది. మీట నొక్కగానే ఎఫ్2గాని డిలీట్‌గాని కొడితే వచ్చే బయోస్ తెరలో ఇంటెల్ అయితే పీటీటీ అనీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనీ వుంటుంది. అది తెరిస్తే చాలు. 8వ తరం కంప్యూటరు వుండి కూడా, ఈ మూసివున్న సంగతి తెలియక "మీది పనికిరాదు" అనిపించుకుని తిరిగి వచ్చినవాళ్ళు లేకపోలేదు. ఒక జాగ్రత్త: బిట్‌లాకర్ తాళం వేసివున్న కంప్యూటరులో బయోస్ కదిపితే 48 అంకెల సంఖ్య అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో వుంటుంది, ముందే రాసిపెట్టుకుని తరవాత చెయ్యి పెట్టాలి.

ఈ రెండు పరీక్షలూ నెగ్గితే మీకు యీ ప్రసంగంతో పనిలేదు. కంపెనీ పూచీతోనే విండోస్ 11 వస్తుంది, సంతోషంగా వేయించుకోండి. నెగ్గనివాళ్ళ సంగతే చూద్దాం.

కంపెనీ వద్దన్న కంప్యూటరులో విండోస్ 11 వెయ్యడం నేరమా అంటే కాదు. 2021లో కంపెనీవారే, కావాలంటే ఇలా చేసుకోవచ్చునంటూ ఒక దారి తమ పేజీలో రాసిపెట్టారు. రిజిస్ట్రీ అనే చోట ఒక చిన్న మార్పు చేస్తే, టీపీఎం పాత రకం 1.2 వున్నా సరే ఒప్పుకుంటుంది. ఆ పక్కనే హెచ్చరిక కూడా పెట్టారు: ఇలా వేసుకున్న కంప్యూటరుకి అప్‌డేట్లు ఇస్తామని మాట ఇవ్వము, దీనివల్ల కలిగే చెడుపుకి తయారీదారు వారంటీ కూడా వర్తించదు అని. 2025 మొదట్లో ఆ దారి చెప్పిన రాత తీసేశారు. తలుపు దగ్గర బోర్డు తీసేశారేగాని తలుపు వుంది.

ఆచరణలో జరుగుతున్నదేమిటంటే, ఇలా వేసుకున్నవాటికి నెలనెలా వచ్చే అతుకులు మామూలుగానే వస్తున్నాయి. కొన్నిటిలో తెర మూల "ఈ యంత్రానికి అర్హత లేదు" అనే అర్థం వచ్చే అక్షరాలు కనబడవచ్చు, అంతే. కాని వస్తున్నాయి అనడానికీ, వస్తాయి అనడానికీ తేడా వుంది. వాడుకగా పోసే పాలవాడు మానేస్తే అడగవచ్చు. దారినపోతూ పోసినవాడు రేపు రాకపోతే ఎవరిని అడుగుతాం? 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 అనే కూర్పుతో ఇలాంటిదే జరిగింది. ప్రాసెసరుకి కొన్ని ప్రత్యేకమైన ఆదేశాలు అర్థమయితేనేగాని ఆ కూర్పు అసలు మొదలుకూడా కాదు. దానితో అంతవరకూ ఎలాగో నెట్టుకువస్తున్న కోర్ 2 డ్యూయో కాలంనాటి కంప్యూటర్లు అక్కడితో ఆగిపోయాయి. ఇంటెల్ ఐ3, ఐ5 వున్నవారికి యీ బెడద లేదు.

ఇహ వేయించుకోవాలనే నిశ్చయించుకుంటే, అన్నిటికన్నా ముందు చెయ్యవలసినది ఒకటి వుంది. దీని గురించి కాస్త విపులంగానే చెబుతాను.

మా వీధిలో ఒకావిడ యింటిదగ్గరే పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు టైపుచేసి యిస్తుంది. పదేళ్ళుగా అదే ఆవిడ సంపాదన. కంప్యూటరు నెమ్మదించిందని షాపుకి పంపితే, "సీ డ్రైవు ఒక్కటే ఫార్మాట్ కొడతామమ్మా, డీ డ్రైవులోవి పోవు" అన్నారు. సరేనంది. తిరిగి వచ్చాక చూస్తే శుభలేఖల నమూనాలు లేవు, కూతురి చిన్ననాటి ఫోటోలు లేవు, కాలంచేసిన మామగారు మనవరాలికి కథ చెబుతుండగా పట్టిన వీడియో లేదు. అవన్నీ ఆవిడ డెస్క్‌టాప్ మీద పెట్టుకుంది, ఎదురుగా కనబడతాయని. డెస్క్‌టాప్ మీద కనబడేవన్నీ సీ డ్రైవులోవేనని ఆవిడకి ఎవరు చెప్పారు? షాపువారు అడిగితేగదా! నమూనాలు మళ్ళీ టైపు చేసుకుంది పాపం, మూడు నెలలు పట్టింది. ఆ వీడియో ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది?

అందుకని, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్, ఈ నాలుగు సంచులూ సీ డ్రైవులోవేనని గుర్తుపెట్టుకోండి. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తెచ్చి మొత్తం దానిమీదికి ఎక్కించి, ఆ డిస్కు మరో కంప్యూటరుకి తగిలించి, రెండు ఫోటోలు, ఒక వీడియో తెరిచి చూసి, దాన్ని తీసి బీరువాలో పెట్టాకగాని కంప్యూటరు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి. ఆ వచ్చినవాడు మేనల్లుడైనా సరే, మొహమాటపడకండి.

కాపీకి లొంగనివి కొన్ని వుంటాయి. తెలుగు టైపు పనికి అనూ ఫాంట్లు వాడేవారు ఆ ప్రోగ్రాము సీడీగాని ఫైలుగాని, దాని తాళం సంఖ్యగాని చేతిలో వున్నాయో లేదో చూసుకోవాలి. దుకాణం లెక్కలకి టాలీ వాడుతుంటే, ఫార్మాట్‌కి ముందు అందులోనే లైసెన్సు సరెండర్ చేసే వీలు వుంది, అది చేస్తే మళ్ళీ వేసుకునేటప్పుడు చిక్కు వుండదు. బ్రౌజరు గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డులు మీకు గుర్తుండవు, రాసుకోండి. వైఫై పనిచెయ్యడానికి కావలసిన డ్రైవరు ఒక పెన్‌డ్రైవ్‌లో వుంచుకోండి. కొత్త విండోస్ వచ్చాక నెట్ లేకపోతే ఆ డ్రైవరు తెచ్చుకోవడానికి కూడా నెట్ వుండదు. అమ్మ పుట్టిల్లు మేనమామ దగ్గర అడగవలసిన గతి అవుతుంది.

వేసే పద్ధతులు రెండు. వున్న విండోస్ 10 మీదే 11 పరచడం ఒకటి. ఇందులో మన ఫైళ్ళు, ప్రోగ్రాములు వున్నవి వున్నట్టు వుంటాయి, నచ్చకపోతే 10 రోజుల లోపల వెనక్కి వెళ్ళవచ్చు. అంతా తుడిచి కొత్తగా వెయ్యడం రెండోది. గృహిణులకి మొదటిదే క్షేమం. 32 బిట్ విండోస్ వున్న కంప్యూటర్లకి మాత్రం అది కుదరదు, విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. కంపెనీ సైటులోనుంచి విండోస్ 11 ఫైలు ఉచితంగానే దిగుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ ఫైలుని దానిమీదికి ఎక్కిస్తారు. ఎక్కించేటప్పుడు టీపీఎం, సెక్యూర్ బూట్ పరీక్షలు తీసెయ్యమంటారా అని అదే అడుగుతుంది. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవన్నీ పోతాయి, పిల్లల ప్రాజెక్టు వున్నది మాత్రం యివ్వకండి.

డబ్బు దగ్గర ఒక మాట. మీ కంప్యూటరులో విండోస్ 10 సక్రమమైనదైతే, ఆ అనుమతే అదే కంప్యూటరులో 11కీ చెల్లుతుంది. కొత్తగా "కీ" కొనాలి, దానికింత అని ఎవరైనా అడిగితే ఎందుకని అడగండి. అలాగే, "తేలికైన విండోస్ వుందండీ, పాత కంప్యూటర్లకి దివ్యంగా వుంటుంది" అని ఎవరో కోసి కుట్టిన కూర్పు వెయ్యబోతే వద్దనండి. అందులో ఏది తీసేశారో, ఏది కలిపారో మనకి తెలియదు. రక్షణకోసం చేస్తున్న పనిలో మొదటి కన్నం మనమే పెట్టుకున్నట్టవుతుంది. 4 జీబీ ర్యామ్‌తో విండోస్ 11 ఎక్కుతుందిగాని ఈడుస్తుంది. 8 జీబీ చేయించి, పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ వేయిస్తే అదే యంత్రం పరుగెడుతుంది. పెట్టే డబ్బు ఏదో దానిమీద పెట్టండి.

కరెంటు సంగతి మరవకండి. సగంలో కరెంటు పోతే విండోస్ అటూ యిటూ కాకుండా నిలిచిపోవచ్చు. యూపీఎస్ లేని యింట్లో లైను మరమ్మతుల రోజున ఈ పని పెట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ అయితే చార్జరు తగిలించే వుంచాలి.

విండోస్ వచ్చింది, తెర వెలిగింది, మేనల్లుడు కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మన పని అప్పుడు మొదలవుతుంది. నెలనెలా అతుకులు వాటంతట అవి వచ్చినా, ఏడాదికొకసారి వచ్చే కొత్త కూర్పు మాత్రం అర్హత లేని కంప్యూటర్లకి దానంతట అది రాదు. మళ్ళీ పెన్‌డ్రైవ్ చేసి, మళ్ళీ మీద పరవాలి. ఒక్కొక్క కూర్పుకి యిళ్ళల్లో వాడే రకాలకి రెండేళ్ళే ఆయువు. 2023లో వచ్చిన 23హెచ్2 కూర్పుకి 2025 నవంబరు 11తో సాయం ఆగిపోయింది. అది వేయించుకుని "మాది విండోస్ 11, మాకేం భయం" అని కూర్చున్నవారు, విండోస్ 10 వున్నవారితో సమానమే అయ్యారు. కొత్త కూర్పు వెయ్యకపోతే నెలనెలా వచ్చే అతుకులూ రావు. గ్యాస్ బుకింగు, ఎల్ఐసీ ప్రీమియం రాసుకునే క్యాలెండరులోనే దీనికీ ఒక తేదీ రాసుకోవాలి. ఆ తేదీనాడు ఈ పని చేసే మనిషి యింట్లో వున్నాడా? అమ్మాయో అబ్బాయో వూళ్ళోనే వుంటే సరే. అమెరికా వెళ్ళిపోయి, సెలవులకి వచ్చినప్పుడు వేసి వెళ్ళే పిల్లలయితే మాత్రం, నాకు ఆ ఏర్పాటు నచ్చదు.

నన్ను అడిగితే, పిల్లల పాఠాలు, తెలుగు టైపు, పాటలు, వంటల వీడియోలు, వీటికి వాడే కంప్యూటరులో పూచీ లేని విండోస్ 11 వేయించుకోవడం తప్పు కాదు. మూలపడేసే దానికన్నా, సాయం ఆగిన విండోస్ 10 మీద అలాగే నడిపేదానికన్నా అది ఎంతో నయం. కాని బ్యాంకు డబ్బు, ఆదాయపు పన్ను, పెద్దవాళ్ళ పింఛను, షేర్లు నడిచే కంప్యూటరు వేరు. ఏడాదికోసారి దాన్ని చూసుకునే మనిషి లేని యింట్లో, ఆ పనులు దానిమీద చెయ్యవద్దనే నా మాట. యింట్లో వ్యాపారం చేసుకునే ఆడవాళ్ళయితే, ఒక్కరోజు పని ఆగితే ఎంత నష్టమో లెక్కవేసుకోండి. ఆ లెక్క పెద్దదైతే కొత్త కంప్యూటరు ఖరీదు అంత బరువనిపించదు.

ఈ రెండూ కాక మరి రెండు దారులున్నాయి. విండోస్ 10కే మరో ఏడాది అతుకులు ఇస్తామని కంపెనీవారు 2025లో ప్రకటించారు. గడువు 2026 అక్టోబరు 13 అన్నారు. 30 డాలర్లు కట్టవచ్చు, లేదా కంప్యూటరు సెట్టింగులు మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచుకుంటే ఉచితం అని అప్పుడు చెప్పారు. ఏమైనా అది వాయిదాయే. ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది, అంతకుమించి లేదు.

రెండో దారి విండోసే వద్దనుకోవడం. లినక్స్ మింట్ అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ వుంది. పూర్తిగా ఉచితం. 2024లో వచ్చిన 22వ కూర్పుకి 2029 దాకా అతుకులు ఇస్తామన్నారు. కంప్యూటరు ఎన్నేళ్ళదని గుమ్మంలో అడగదు, పదేళ్ళ యంత్రానికీ నిన్న కొన్నదానికీ ఒకేలా అప్‌డేట్లు వస్తాయి. చూడటానికి పాత విండోస్ లాగానే, కింద పట్టీ, మూల మెనూ వుంటాయి. ఉత్తరాలు రాసుకోవడానికి లిబ్రే ఆఫీస్, నెట్ చూడటానికి ఫైర్‌ఫాక్స్ దానితోనే వస్తాయి. ఐబస్ అనేది పెట్టుకుంటే తెలుగు టైపూ చేసుకోవచ్చు. అనూ, టాలీ లాంటివి మాత్రం నేరుగా నడవవు గనుక, వాటిమీద బతుకుతెరువున్నవారికి ఇది పనికిరాదు. బ్యాంకు, కరెంటు బిల్లు, రైలు టిక్కెట్టు, సినిమాలు, ఇంతవరకే వాడుక అయిన యింటికి హాయిగా సరిపోతుంది.

దీనిలో నాకు నచ్చిన సదుపాయం ఒకటుంది. వెయ్యకుండానే రుచి చూడవచ్చు. పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, దానిమీదనుంచే కంప్యూటరు మొదలుపెడితే మింట్ తెర వస్తుంది. లోపలి విండోస్‌ని, ఫైళ్ళనీ అది తాకదు. మధ్యాహ్నం పనులయ్యాక ఒక గంట కూర్చుని వైఫై తగిలిందా, పాట వినిపిస్తోందా, కెమెరాలో మొహం కనబడుతోందా చూడండి. ప్రింటరులో కాగితం పెట్టి ఒక పేజీ తీయించండి, పాత ప్రింటర్లు కొన్ని ఇక్కడే మొరాయిస్తాయి. పెన్‌డ్రైవ్ మీదనుంచి నడుస్తోంది గనుక కాస్త నెమ్మదిగానే వుంటుంది, డిస్కు మీద వేశాక ఆ నెమ్మది వుండదు. నచ్చకపోతే కంప్యూటరు ఆపి, పెన్‌డ్రైవ్ తీసేసి మళ్ళీ మీట నొక్కండి. ఎప్పటి విండోస్ ఎప్పటిలాగే వస్తుంది.